కుట్టు గది

అరబ్బీల ‘ప’ లేదు.
షువైఖ్‌ల యూనివర్సిటీ గేటు కాడ
మొదటి రోజే పోశెట్టిని బోషెట్టి చేసిండ్రు.

సిరిసిల్లల మగ్గం అమ్ముకున్న చేతులు
ఇక్కడ పుస్తకాలు కుడుతున్నయి.
వీళ్ళ పుస్తకం కుడి దిక్కు నుంచి మొదలైతది.
తెల్వక, మొదటి నెల ముప్పయి థీసిస్‌లకు
వీపును మొఖం చేసిన.
విప్పి మళ్ళ కుట్టిన.

చదువు రాదు. చరిత్ర మాత్రం వేళ్ళకెరుక:
తొలి ఏండ్ల కాగితం మందం,
ముట్టుకుంటే గంజి పెట్టిన బట్ట.
నూనె పైసలు పెరిగినంక
అట్టల మీద బంగారు అచ్చు.
ఆ పక్క గూట్లె జానెడు ఖాళీ.
దండు వచ్చిన ఏడు అది.
పుస్తకాలు, బల్లలు, ఆఖరికి ఫ్యాను రెక్కలు సుత
లారీలల్ల ఉత్తరానికి పోయినయట.

మిగిలిన కార్డుల మీద చేతిరాత ఒక్కరిదే,
పాలస్తీనా అబూ రాయిద్‌ది.
యుద్ధం అయినంక ఆయన్ని మళ్ళ రానియ్యలేదట.
రాత మాత్రం చెదలకు సుత చిక్కలే.

నిన్న అన్‌ఫాల్ అనే పిల్ల
వాళ్ళమ్మ థీసిస్ పట్టుకొచ్చింది.
ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసుడు గురించట.
ఆ వేసవిల ఇయ్యాల్సింది,
బియ్యం సంచిల ఏడు నెలలు దాగింది.
పేజీలకు ఇంకా జీలకర్ర వాసన.

“ఎంత?” అన్నది.
సర్కారు చదువు బిడ్డా, నీకు ఫీజు లేదు,
కుట్టుకెందుకు?
అరబ్బీల అంత మాట రాక చెయ్యి ఊపిన.

నడుమ దారం తెగింది.
మా నాయిన పడుగుకు వేసే ముడి వేసిన,
లోపలికి పోతది, కనబడదు.

గూట్లె పెట్టిన.
రెండు వేళ్ళ ఎడం పూడింది.
తక్కింది అట్లనే ఉన్నది.