నొగ మీద బరువు

పొద్దు గూకాక ఎక్కించాం, ఈగలన్నీ ఇల్లు చేరాక.
నలభై ఎనిమిది తేనెపెట్టెలు,
అక్టోబరు తేనెతో ఒక్కోటీ
తడిసిన సిమెంటు బస్తా.

మార్వా లిండ్‌క్విస్ట్ టార్చి నోట కరుచుకుని
ట్రైలరు చుట్టూ తిరుగుతోంది.
అరవై ఎనిమిదేళ్లు. ఒక మోకాలు స్టీలుది.
మోంటానాలో ఈ లోయ పొడుగునా
ఆమె పికప్ దగ్గు కుక్కలక్కూడా తెలుసు.

బరువైనవన్నీ నేను వెనక పేర్చాను,
రేపు దించడానికి వీలుగా ఉంటుందని.
ఆమె ఏమీ అనలేదు. జాకీ తిప్పి చూపించింది:
నొగ గాల్లోకి లేస్తానంటోంది,
కొక్కెం మీద కూర్చోనంటోంది.
"తోక బరువెక్కితే తలని ఆడిస్తుంది. దించు."

దించాను. మళ్లీ ఎక్కించాను.
నిండువి ఇరుసుకి ముందు, తేలికవి వెనక.
మొత్తంలో పదోవంతు, ఇంకో పిసరు,
నొగ మీద పడాలి.
మరీ ఎక్కువైతే పికప్ ముక్కెత్తుతుంది,
ముందు చక్రాలు రోడ్డుని మరిచిపోతాయి.

నొగ కింద రెండు గొలుసులు, కత్తెర వేసినట్టు.
"తిన్నగా తగిలిస్తే ఏం?"
"కొక్కెం ఊడిన రోజున
నొగ నేలలో పొడుచుకోకుండా ఎత్తుకునే చేతులవి."
పిన్ను పెట్టావా అని అడగలేదు.
తనే వేలు పెట్టి చూసింది.

పక్క ఫారం రస్ టాలివర్ కొత్త బండి కొన్నాడు,
పద్నాలుగువేల పౌన్లు లాగుతుందని
ఫీడు కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు.
మార్వా ఫ్లాస్కు మూత తిప్పుతూ అంది:
"లాగడానికేం, మొండితనం ఉంటే గాడిదా లాగుతుంది.
దిగేటప్పుడు ఆపేదెవరో అడగలేకపోయావా?"

పది మైళ్లకి ఆగాం.
బెల్టులు వదులయ్యాయి. ఎప్పుడూ అవుతాయట,
బరువు తన చోటు తను వెతుక్కుంటుందట.
బిగించాను. చలికి వేళ్లు నావి కావు.

క్రో క్రీక్ కనుమ నెత్తిమీదే గేరు తగ్గించమంది,
వేగం ఇంకా పుట్టకముందే.
"బ్రేకు మీద కాపరం పెట్టకు.
గట్టిగా ఒకసారి తొక్కు, వదిలెయ్.
వాటినీ కాస్త ఊపిరి తీసుకోనీ."

మూడో మలుపు దాటాక గాలి అడ్డంగా కొట్టింది.
అద్దంలో ట్రైలరు కొంచెం ఎడమకి,
కుడికి,
మళ్లీ ఎడమకి, ఈసారి పచ్చగీత దాటి.
కళ్లకంటే ముందు నడుముకి తెలిసింది.
నా కాలు బ్రేకు మీదికి పరిగెత్తింది,
నా చేతులు దాని వెంటపడి తిప్పబోయాయి.

"కాలు తియ్, ఆర్లో. చేతులు తిన్నగా."
ఉప్పు అందుకోమన్నంత గొంతుతో.
డాష్‌బోర్డు కింది చిన్న మీటని
ఆమె బొటనవేలు పక్కకి తోసింది.
ట్రైలరు బ్రేకులు మాత్రమే పట్టుకున్నాయి.
వెనకనించి ఎవరో జడ పట్టి లాగినట్టు
బండి సాగి, తిన్నబడింది.

చాలాసేపు హీటరు చప్పుడే.
"ఎనభై ఎనిమిదిలో నేను తొక్కాను.
ఈ మలుపులోనే. గుర్రాలు."
వాటి పేర్లు చెప్పింది: జూనిపర్, టిన్ కప్.
ఇంకేం చెప్పలేదు.

కింద, లారీలాగే చోట,
ఒక్కో చక్రం నడిబొడ్డుకీ దగ్గరగా
చేతి వెనక భాగం పెట్టి చూసింది,
పసిపిల్లల నుదురు చూసినట్టు.
మూడు గోరువెచ్చన. నాలుగోది ఇంకొంచెం.
"ఇడాహోలో బేరింగు విప్పాలి, గుర్తుచెయ్."

వల మీద చెవి ఆనించాను.
లోపల లక్షల రెక్కలు
కుదుపులకి విసుక్కుంటున్నాయి.
కనుమ సంగతి వాటికేం తెలుసు.

ఆమె పొద దగ్గరికి వెళ్లినప్పుడు
వంగి, పిన్నులో వేలు పెట్టి చూశాను.
ఉంది.
ఇంకోసారి చూశాను.