నోరు జాగ్రత్త

మూడు లాంతర్ల దగ్గర కూర్మారావు తూకం వేస్తే
యుద్ధం నూట పది గ్రాములు తూగింది.
పాత పేపరు కిలో పద్నాలుగు.
"రూపాయిన్నర, మేడమ్. ఒగ్గీయండి, టీ తాగించండి సాలు."

ముప్పయ్యేళ్ళు కాలేజీ బోటనీ లాబులో
ఆకులు నొక్కిన చేతులివి.
ఇప్పుడు సిపాయిల్ని నొక్కుతున్నాను
కాడలు విరగకుండా, మీసాలు మడతపడకుండా,
రెండు అట్టల మధ్య, బ్లాటింగు కాగితం మార్చి మార్చి.
వేపాకు, కలరా ఉండలు, చెదలమీద ఒక కన్ను.

నా దగ్గర పదిహేడున్నాయి.
తలపాగా సిపాయి మూడు వేళ్ళు చూపిస్తాడు
జీతం, బట్ట, భోజనం అని.
అంత తెల్లగా నవ్విన మనిషిని నేను మా జిల్లాలో చూళ్ళేదు.
ఇంకోదాంట్లో నాగలి పట్టిన రైతు;
నీడ మాత్రం తుపాకీ పట్టుకుంది.
నెల్లిమర్ల గోనెమిల్లు గుమాస్తా ట్రంకుపెట్టె అడుగున దొరికినది
"మీరు నేసే ప్రతి సంచీ ఒక గోడ" అంటుంది.
ఇసక ఎవరు మొయ్యాలో రాయలేదు.

ఇది పద్దెనిమిదోది.
చెవి.
మనిషి లేడు, చెవొక్కటే,
చాటంత, ఎర్రగా, మధ్యలో చీకటి.
కింద లావుపాటి అచ్చక్షరాలు:
నోరు జాగ్రత్త. శత్రువు వింటున్నాడు.
ఓడల సంగతి చెప్పొద్దు. రైళ్ళ సంగతి చెప్పొద్దు.
రంగం సంగతి అసలే ఎత్తొద్దు.

"ఎక్కడిదిది?"
"బొబ్బిలి ఏపు ఓ పెంకుటిల్లు పడగొట్టేర్లెండి.
దూలానికీ వాసానికీ మద్దిన చెక్కీసున్నాది."

ఇంటికి తెచ్చి, తడిగుడ్డ అద్ది,
మడతలు మెత్తబడేదాకా రేడియో విని
వెనక్కి తిప్పాను.

ఆ రోజుల్లో కాగితం కరువు.
సాయంత్రం అంటించిన పోస్టరు తెల్లారేసరికి మాయమయ్యేదట.
రాజుమీద కోపం ఎంతమందికుండేదో గాని
వెనకవైపు తెల్లదనం మీద అందరికీ ఆశే.
గుణింతాలు చూశాను, చాకలి పద్దులు చూశాను,
ఒక సిపాయి వీపున పిల్లి బొమ్మ కూడా ఉంది.

దీని వెనక కాపీపెన్సిలు రాత,
ఎంగిలి తగిలిన చోటల్లా ఊదారంగు తిరిగి.
"రంగం నుండి నడిచి బయల్దేరినవారు."

గున్నయ్య. వచ్చినాడు.
అప్పలసూరి. వచ్చినాడు, ఎడమకాలు లేదు.
చిన గున్నయ్య. దారిలో
ఆ తర్వాత మాట రాయబోయి మానేసిన గీత.
పోలమ్మ, ఇద్దరు గుంటలు. ఒక గుంట వచ్చింది.
అసిరినాయుడు. వచ్చినాడు, మాటాడ్డం లేదు.

ఇరవై మూడు పేర్లు.
ఇరవై రెండింటి పక్కన ఏదో ఒకటి ఉంది.
తవిటమ్మ పక్కన
పెన్సిలు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి
గుంటపడిన చోటు.
ఆకు ఈనెల్ని చూసే భూతద్దంతో చూశాను.
పదకొండు చుక్కలు.
రోజుకొకటో, ఏడాదికొకటో.

విశాఖలో ఫ్రేముల షాపాయన ఫోటో చూసి ఫోన్ చేశాడు.
"చెవి అద్భుతమండీ! కాని వెనకరాత ముందుకి దిగుతోంది.
మందు పెట్టి తీయించేయండి, ఎనిమిది వేలిస్తాను."
దిగుతున్న మాట నిజమే.
చెవిలోపలి చీకటికి కాస్త కింద
ఊదా మరక, ఎవరో గుసగుసగా ఏదో చెప్పేసి వెళ్ళినట్టు.

మందు నా దగ్గరే ఉంది, బీరువా పై అరలో.
ఎనిమిది వేలతో కిటికీకి దోమతెర వేయించొచ్చు,
కన్ను ఆపరేషన్ సగం అవుతుంది.
రెండు రోజులు ఆలోచించాను, అబద్ధమెందుకు.

మూడోరోజు కాగితం అట్టలో పెట్టుకుని
కూర్మారావు కొట్టుకెళ్ళి,
ఇనప సామాన్ల మధ్య స్టూలుమీద కూచుని
పేర్లు పైకి చదివాను, గట్టిగానే.
సీసాలు ఏరుతున్న కుర్రాడు చెయ్యాపాడు.
తూకం రాళ్ళు సర్దుతున్న కూర్మారావు
నాలుగో పేరుకి కింద కూలబడ్డాడు.

చివరి పేరయ్యాక చాలాసేపు తలగోక్కుని
"మా పేటలోనే ముగ్గురు తవిటమ్మలుండేవోరంట, మేడమ్.
మా మామ్మ చెప్పీది.
ఇది ఏ తవిటమ్మ?" అన్నాడు.

ఇంటిపేరు రాయలేదు.
రాసినవాళ్ళకి ఒక్కతే తవిటమ్మ.