నలభై వేల నూట పదహార్లు

పరకాల బస్టాండు ఎనక నా నెట్ సెంటర్.
షట్టర్ సగమే లేస్తది, వంగి రావాలె.
పహాణీలు, కులం సర్టిఫికెట్లు, ర్యాంకు కార్డులు...
ఈ ఊరు సర్కారును ఏం అడిగినా
ముందు నా కీబోర్డు మీద అడుగుతది.

ఆ ఎండకాలం ముల్కలవాగు వాళ్లు అడిగింది వేరే.
ఊరి కింద బొగ్గు ఉన్నదట.
ఓపెన్ కాస్ట్ వస్తదట.
నాలుగు వందల ఇండ్లు, రెండు చెరువులు, ఒక బొడ్రాయి
మ్యాపుల ఎర్రగీత లోపల పడ్డయి.

పిటిషన్ నవత రాసింది,
హన్మకొండల డిగ్రీ చదివే పిల్ల.
సంతకానికి మెయిల్ ఐడీ కావాలె.
ఒక్క మధ్యాహ్నం అరవై ఏడు మందికి
ఐడీలు పుట్టించిన,
తొట్టెల్ల ఏసి పేర్లు పెట్టినట్టు.

ఓదెమ్మ పేరు ఎవరో ఎప్పుడో తీసుకున్నరు.
ఓదెమ్మ ఒకటి, ఓదెమ్మ రెండు, అన్నీ అయిపోయినయి.
"నాకంటే ముందుగాల నేను ఎట్ల పుట్టిన కొడుకా?"
ఆఖరుకు పేరెనక మిర్చి అని తగిలిస్తే దొరికింది.
అలవాటుగ బొటనవేలు చాపింది.
కాయ ఏరి ఏరి గీతలరిగిన వేలు,
రేషన్ మిషన్ మూడు నెలల సంది గుర్తుపడుతలేదు.
"దీనికి వేలు అక్కరలేదవ్వా."
"వేలు వద్దనే సంతకం ఎవడు నమ్ముతడు?"

ఆ మాటకు నా గల్లపెట్టెల చిల్లర లేకుండె.

అంకె ఎక్కుతనే ఉన్నది.
రాత్రి పదమూడు వేలు,
పాలపాకెట్ తెచ్చేసరికి పందొమ్మిది.
భీమవరం నుంచి ఎవరో, బెంగుళూరు నుంచి ఎవరో,
ముల్కలవాగు ఏ దిక్కున్నదో తెల్వకుండనే
ఒక్కసారి నొక్కి కిందికి జరిగిపోయినోళ్లు.
వాళ్లను తక్కువ చేస్తలేను.
నేను గూడ ఎక్కడిదో ఒక నది కోసం నొక్కిన,
దాని పేరు ఇప్పుడు యాదికి లేదు.

మా నాయిన ఉద్యమం నాడు
కాజీపేట పట్టాల మీద పండుకున్నడు.
రైలు ఆగింది. కండ్ల ముంగటనే ఆగింది.
డ్రైవర్ దిగి బీడీకి అగ్గి అడిగిండట.
నా సంతకానికి ఏ రైలు ఆగిందో
నాకెట్ల తెల్వాలె?

నలభై వేల నూట పదహారు కాడ
ప్రింటు తీయుమన్నది నవత,
చదివింపుల లెక్క మంచిగుంటదని.
తొమ్మిది వందల కాయితాలు. పైసలు తీసుకోలే.
కిరాణం రాజేశం కాంటా మీద పెట్టిండు:
నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.
"గింతేనా" అన్నరు ఎవరో.
"గంతనా" అన్నరు ఇంకెవరో.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు, టెంటు కింద,
అధికారి ఆ కట్టను అరచేత్తో తట్టిండు,
పుచ్చకాయ బేరమాడేటోని లెక్క.
"ఇండ్ల ఊరోళ్లు ఎందరు?"
నవత నోరు తెరిచేలోపు ఓదెమ్మ లేచింది.
మైకు పట్టుడు రాదు.
"నేనొకదాన్ని" అన్నది.
ఎనక నుంచి ఇంకో గొంతు, నేనొకదాన్ని.
ఇంకొకటి. పొద్దు గుంకిందాక.
గుమస్త పెన్నుల సిరా అయిపోతే
నా జేబులది ఇచ్చిన. మళ్ల రాలే అది.

వాళ్లంతా ఆ అంకెను చూసి చూసి వచ్చిండ్రా?
అంకె లేకున్నా వచ్చేటోళ్లా?

వానకాలంల జీవో దిగింది:
సాంకేతిక కారణాల వల్ల వాయిదా.
గెలిచినం అన్నది నవత.
బొగ్గు ధర పడ్డది అన్నడు రాజేశం.
ఎలక్షన్లు అన్నడు బస్టాండు కంట్రోలర్,
విజిల్ నోట్లకెంచి తీయకుండనే.
ఏ మాట నిజమో
నేను తీసిచ్చే ఏ సర్టిఫికెట్ల రాసి లేదు.

మొన్న ఓదెమ్మ వచ్చింది.
"నా సంతకం ఇంకా ఉన్నదా, చూడు."
పేజీ తెరిచిన. ఉన్నది.
ఆమె చూస్తుండంగనే అంకె ఒకటి పెరిగింది.
ఎవరో. ఏ ఊరో.
"వాయిదా పడ్డదని వాళ్లకు తెల్వదా?"
"తెల్వదవ్వా."
కొంగుతోని స్క్రీను మీది దుమ్ము తుడిచింది.
"చెప్పకు. ఉండనీ."