సెల్లార్‌లో పావుగంట

బండి ఆపాను.
స్టాండు వేశాను.
హెల్మెట్ మాత్రం తీయలేదు.

మౌలాలిలో సంగమేశ్ కొత్తింటి దావత్.
పొద్దున పదకొండు నుంచి రాత్రి పది దాకా
అందర్నీ నేనే నవ్వించాను.
వాళ్ల మేనమామ ముక్కుతో మాట్లాడేది చేసి చూపించాను
(రెండుసార్లు. రెండోసారి ఆయన అడిగితేనే).
ఎవరి పిల్లాడికో కాగితం కప్పను గెంతించాను.
పేరు గుర్తులేని ఒకావిడకి
మోకాళ్ల డాక్టరు నంబరిచ్చాను.
"నువ్వుంటేనేరా సందడి" అన్నారు గేటు దాకా వచ్చి.
నిజమే. నాకూ బాగానే ఉండింది.
చెయ్యి కూడా మనస్ఫూర్తిగానే ఊపాను.

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర
బండి అద్దంలో చూసుకుంటే
నవ్వు ఇంకా మొహం మీదే ఉంది,
పెళ్లయిపోయినా ఎవరూ వచ్చి విప్పని
షామియానా లాగ.

ఇప్పుడు వారాసిగూడలో
మా అపార్ట్‌మెంట్ కింద
ఈ ఊరంతటిలోకీ చిన్న గదిలో ఉన్నాను.
ఒక్క తల పట్టేంత గది.
గోడలకి స్పాంజి.
లోపల నా ఊపిరి ఒక్కటే అద్దెకుంటోంది.

ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.
నాలోనూ ఏదో అలాగే.
ఒక్కో గొంతూ దిగిపోతోంది:
మేనమామ ముక్కు, పిల్లాడి కేక,
గరిటె చప్పుడు, "ఇంకొంచెం వేసుకో, ఏం తిన్నవని",
అన్నిటికన్నా ఆలస్యంగా
నాది.

మోటారు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ ఈదయ్య
నన్ను చూశాడు.
ఏమైంది సార్ అనలేదు.
మధ్యాహ్నం ట్యాంకర్ నీళ్లు పట్టిన బకెట్
స్తంభం పక్కన ఉంటే
అందులో చెయ్యి పెట్టబోయిన మనవరాలితో
"కదిలియ్యకు బిడ్డా, తేరుకోనీ" అన్నాడు.

బకెట్ గురించే అనుకుంటా.

పోతూ పోతూ
నా వైపు ట్యూబులైటు ఆర్పేశాడు.

జేబులో ఫోను వణికింది.
"చేరినవా?" సంగమేశ్.

బండి చేరింది.
చెప్పులు చేరాయి.
వాళ్లమ్మ కట్టిచ్చిన బగారా అన్నం డబ్బా చేరింది,
ఇంకా గోరువెచ్చగానే ఉంది.
"దగ్గర్లోనే ఉన్న" అని కొట్టి
పంపకుండా అట్లాగే పట్టుకున్నాను.

పక్క స్కూటీ సీటు మీద బూడిదరంగు పిల్లి
ఒక కన్ను తెరిచి చూసి
మళ్లీ మూసుకుంది.
దాన్ని నేను నవ్వించక్కర్లేదు.