తారీఖూ తిథీ

ఫర్వానియాలో జిరాక్సు కొట్టు మలయాళీ కుర్రాడు
పత్రిక నమూనా ఫోన్‌కి పంపాడు.
మామిడాకులు, రెండు చిలకలు,
నా పేరులో ఒక ఒత్తు తక్కువ.
ఓబులేసు తెగ ముచ్చటపడ్డాడు.
"తప్పు దిద్దించి అందరికీ కొట్టేద్దాం మే!"
నేనే ఆగమన్నాను.

ఆగడం నాకు వంటింట్లో అబ్బిన విద్య.
మచ్‌బూస్‌లో బియ్యం ఎప్పుడు పొయ్యాలో
ఎసరు చప్పుడే చెబుతుంది.
తొందరపడితే ముద్ద.

ముందు సెలవు.
రంజాన్‌లో వంటమనిషి ఊరెళ్తానంటే
ఇంట్లో పొయ్యి వెళ్తానన్నట్టే.
పండగయ్యాక ఇరవై ఒక్క రోజులు, అంది మేడమ్.
పండగ ఎప్పుడంటే ఆకాశం చూపించింది.
నెలవంక కనబడితే శుక్రవారం, లేకుంటే శనివారం.
ఓబులేసు కంపెనీకి చంద్రుడితో పనిలేదు,
నీళ్ల ట్యాంకరుకి బదులు డ్రైవరు దొరికిన రోజే వాళ్లకి పండగ.
రాజంపేట అయ్యవారికి మా ఇద్దరి సెలవులతోనూ పనిలేదు.

మూడు క్యాలెండర్లు మంచం మీద పరిచి
ఒక కందిగింజని గడి గడికీ జరుపుకుంటూ పోయాను.
ఒక ఆదివారం మీద ఆగింది.

తర్వాత పేర్లు.
మేడమ్ కూతురు పారేసిన నోటుబుక్కు,
వాళ్లకి చివరి పేజీ, నాకు మొదటిది.
పత్రిక చూసి తెలుసుకునేవాళ్లు ఒక వైపు,
నా గొంతుతో వినాల్సినవాళ్లు ఇంకో వైపు.

గొంతు వైపు మొదటి పేరు నా కూతురు హిమబిందు.
చెప్పాను.
మూడు రోజులు ఫోనెత్తలేదు.
నాలుగో రోజు ఒకటే అడిగింది:
"ఆయనకి కోపం ఎక్కువా?"
"టైరు పంచరైతే వస్తాది."
నవ్విందో లేదో తెలియలేదు,
చీర ఏ రంగని మాత్రం అడిగింది.

రెండో పేరు దగ్గర
పెన్ను రెండు శుక్రవారాలు నిలబడిపోయింది.
నరసమ్మత్త.
పోయినవాడి తల్లి.
నేను విమానమెక్కితే
నా బిడ్డకి పదేళ్లు జడలేసిన చెయ్యి.

"ఆమెకి పంపొద్దులే, బాధపడతాది," అన్నాడు ఓబులేసు.
పంపితే ఒక బాధ.
పంపకపోతే, ఊరంతా చెప్పాక, ఇంకొకటి.

మంగాఫ్ బస్టాపు నీడలో నిలబడి
ఒక్క గుక్కలో చెప్పేశాను.
అవతల కుట్టుమిషను ఆగింది.
నా ముందు నుంచి రెండు బస్సులు పోయాయి.
"ఎప్పుడు?"
"ఏప్రిల్ ఐదు అత్తా, ఆదివారం."
"అది నాకెట్ల తెలుస్తాది, తిథి చెప్పు."
చదివాను: చైత్ర బహుళ తదియ.

ఈసారి మౌనం వేరుగా ఉంది.

"ఆ పొద్దు వాడి తద్దినం మే."

నాకు తారీఖు గుర్తు.
ఏప్రిల్ ఇరవై రెండు, ఇదే కువైట్,
చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ,
చెవి దగ్గర ఫోను.
ఆ అంకె దగ్గరికి ఏ గింజా పోకుండా
క్యాలెండరు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను కూడా.
ఆమెకు తిథి గుర్తు.
ఏటా అడిగినప్పుడల్లా డబ్బు పంపాను,
ఏ రోజుకని ఏడేళ్లలో అడగలేదు.

"అచ్చేయించినారా?"
"లేదత్తా."
"పంచినారా ఎవరికన్నా?"
"నీకే ముందు చెప్తాండా."
"అయితే ఇంకేం. అయ్యవారితో నేను మాట్లాడతా.
చైత్రంలో ఇంకో పొద్దే లేదా ఏంది."
మిషను మళ్లీ కదిలింది, ఆగింది.
"ఆ పిల్లోడు కారం తింటాడా?"

రాత్రి కందిగింజని తీసి
గిన్నెలో కడిగిన పప్పులో వేసేశాను.
మేడమ్‌ని ఇంకో నాలుగు రోజులు అడగాలి,
ఎట్లా అడగాలో ఇంకా తెలియదు.

జిరాక్సు కుర్రాడు ఫోన్ చేశాడు.
"చేచీ, ఫైనలా?"
కాదు, ఆహ్వానించువారు అన్నచోట ఒక పేరు చేర్చాలన్నాను.
తెలుగు రాని పిల్లవాడికి
కూడబలుక్కుంటూ చెప్పాను:
న, ర, స,
ఆ తర్వాత మ, దాని కింద ఇంకో మ.
"తేదీ?"
ఖాళీగా ఉంచు, అన్నాను.