పిల్లిపీచర

మర్రిపాలెం దాటాక మొదలవుతుంది.
ముందు బొడ్డు దగ్గర ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు,
ఆనక ఛాతీ, మెడ, చెవుల వెనక.
టిక్కెట్ల మిషను చేతిలో జారుతుంది.
చీర మీది ఖాకీ చొక్కా వీపుకి అతుక్కుంటుంది.
ఎన్‌ఏడీ వచ్చేసరికి
ఉప్పునీళ్ళల్లో ముంచి తీసిన గోనెసంచిని.

"ఏటి నూకరత్నం, జొరమా?" అంటాడు డ్రైవరు బంగార్రాజు
అద్దంలోంచి.
జొరమైతే సెలవు చీటీ ఉంటుంది బాబూ,
దీనికి డిపోలో ఏ కాగితమూ లేదు.

పుస్తకాల్లో ముట్లుడుగు అని రాస్తారట.
ఉడగడమంటే తగ్గడం, ఆగడం, సద్దుమణగడం.
ఎవరు పెట్టారో గానీ ఈ పేరు,
వాళ్ళకి ఒక్క అక్షరం తప్పింది.
ఇది ఉడుకు.

రాత్రి రెండింటికి జ్ఞానాపురం మేడ మీద
తడితువ్వాలు కప్పుకుని కూచుంటాను.
పోర్టులో క్రేన్లు దీపాలు పెట్టుకుని
ఎవరి బొగ్గునో ఎత్తి ఎక్కడో పోస్తుంటాయి.
ఆ మసి వచ్చి మా పిట్టగోడ మీద వాలుతుంది.
వేలితో దాని మీద, కింద గురక పెడుతున్నాయన పేరు రాద్దామని
ఏమిటి చెప్మా అని ఆగిపోతాను.
ఇరవయ్యేడేళ్ళు పిలిచిన పేరు!
నవ్వొస్తుంది. వెంటనే ఏడుపొస్తుంది.
రెండింటికీ మధ్య స్టాపు లేదు.

కాంప్లెక్సు గోడ పక్కన
పాడేరు తొలి బస్సుకి దిగి గోనె పరుస్తుంది వంతాల దొయిమతి.
వేర్లు, బెరళ్ళు, మట్టి వదలని గడ్డలు.
నన్ను చూసి ఏమీ అడగలేదు.
తను విసురుకుంటున్న అట్టముక్క నా చేతికిచ్చింది,
తర్వాతే సరుకు చూపించింది.

"ఇవి పిల్లిపీచర గడ్డలు. ఎండబెట్టి దంచి
పాలల్లో మరగెయ్యి, చెంచాడే.
సుగంధిపాల వేరు రాత్రి కుండలో నానెయ్యి.
అవిసెలు వేపి బెల్లంతో ఉండలు కట్టు.
ఇది పెన్నేరు, నిద్దరకి.
బీపీ బిళ్ళలు మింగుతున్నావా?
అయితే డాక్టరమ్మనడిగి తాగు. నేను మందులమ్మేదాన్నే."

డబ్బులు కొంగున కట్టుకున్నాక ఇంకోమాట అంది.
"ఏడాది ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడితే
నా దగ్గరికి రాకు. కేజీహెచ్‌కి ఎల్లు.
వేరు దేనికి పనిచేస్తాదో వేరుకి తెలుసు,
దేనికి పనిచెయ్యదో నాకు తెలుసు."

నలభై రోజులు తాగాను.
నిజం చెప్పాలంటే మర్రిపాలెం మంట మర్రిపాలెంలోనే ఉంది.
నిద్ర మాత్రం కాస్త ముందొస్తోంది,
వేరు వల్లో, వేరు మీది నమ్మకం వల్లో.
పాలు పొంగకుండా గరిటె పట్టుకుని నిలబడే
ఆ పది నిమిషాలూ మాత్రం ఖాయంగా నావి.
మా ఆయన ఒకరోజు గ్లాసులో మిగిలింది తాగి
ముఖం వికారంగా పెట్టి,
"ఇంత చేదు నీకెందుకొచ్చిందే" అన్నాడు.
చాలా ఆలస్యంగా అడిగినా, అడిగాడు.

అవిసె ఉండలు డిపోకి పట్టుకెళ్ళాను.
మధ్యాహ్నం డ్యూటీ ఈశ్వరి ఒకటి కొరికి
"దేనికక్కా ఇవి?" అంది.
చెప్పాను.
ఆమె చుట్టూ చూసి, తలుపు దగ్గరికేసి,
రెండోది తీసుకుంది.
ఆ వారం డబ్బా చాల్లేదు.

నిన్న మూడు గంటల ట్రిప్పులో
కంచరపాలెం దగ్గర ఖాళీ గోనెతో ఎక్కింది దొయిమతి.
సున్నా టిక్కెట్టు చింపి ఇస్తుంటే
ఆమె మెడ మీద చూశాను ఆ ఎరుపు,
పైపెదవి మీద ఆ చెమట.
ముందు సీటు కుర్రాణ్ణి లేపి
బిగుసుకుపోయిన కిటికీ అద్దం తోశాను.
సంచీలోంచి అట్టముక్క తీసి చేతిలో పెట్టి
"నీ మందేదీ?" అన్నాను.

ఆమె గట్టిగా విసురుకుంటూ
పోర్టు వైపు చూసి నవ్వింది.
"అంతా మీ ఊరోళ్ళకే అమ్మీసినాను."