ఐసు పెట్టె

కొత్తపట్నం హైస్కూల్లో శుక్రవారం ఆఖరి పీరియడ్.
"ఇదుగో, మన బళ్ళో చదివిందే, షాహీనా.
అథ్లెటిక్ ట్రైనరు" అని చెప్పి
జకరయ్య సారు విజిల్ జేబులో వేసుకుని పక్కకు జరిగారు.

డాక్టరమ్మా? కాదు.
నర్సా? కాదు.
పరుగులు నేర్పుతారా? అది సారు పని.
మరి మీరేం జేస్తారు మేడం?

చేపల పెట్టె మూత తీశాను.
నీసు వాసనకు తొమ్మిదో తరగతంతా ముక్కు మూసుకుంది.
పొద్దున రేవులో కొన్న గడ్డ,
గోనెసంచిలో వేసి గోడకేసి కొట్టిన ముక్కలు.
"ఐసు చేపలకు గదా?"
చేపకీ, చీలమండకీ కూడా, అన్నాను.

కాలు బెణికితే మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?
ఉప్పు కాపడం.
నూనె రాసి లాగి తిప్పడం.
వెనక బెంచీ నుంచి ఒకడు:
"మా పెద్దమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది మేడం,
ఒక్క తన్ను తంతే ఎట్టాంటి పట్టైనా వదిలిపోద్ది!"
నడుం పట్టినప్పుడు నేనూ తన్నించుకున్నా.
తగ్గింది కూడా. ఆ మాట దాచలేదు.
మోకాలి దగ్గరికి మాత్రం ఆమెను రానియ్యొద్దన్నాను.

అదుగో, ఆ ఇసక గుంటలోనే
లాంగ్‌జంపులో నా మోకాలు టప్పుమంది.
అప్పుడూ ఐసు రేవులోనే ఉంది,
సైకిలు తొక్కితే అందేంత దూరంలో.

అంకబాబును బల్ల మీద కూర్చోబెట్టి
పాదం ముక్కువైపు లాగిపెట్టమన్నా.
టేపు చుట్ట తీసి, ఎవరు చుడతారు?
పోలేశ్వరి లేచింది.
అరికాలు కింద నుంచి, మడమ చుట్టి, మళ్ళీ పైకి,
ఒక్క ముడత లేదు.
వలలు కట్టే చెయ్యి,
ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో నేను చెప్పేది ఏముంది.
ఒక్కటే నేర్పాను:
గోరు నొక్కు. తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి.
ఎర్రబడకపోతే విప్పెయ్, ఎవరేమన్నా సరే.

జీతం ఎంతని అడిగారు.
మొదటేడు రొయ్యల చెరువు కాపలాదారుకంటే తక్కువన్నాను.
సారు దగ్గారు.

నిరుడు టంగుటూరు కబడ్డీ ఫైనల్ గురించీ చెప్పాను.
నాలుగు నిమిషాలుంది, మూడు పాయింట్లు వెనక.
మా రెయిడరు తల నేలకు కొట్టుకుని లేచి
"నాకేం కాలా" అంది.
ఎవరితో ఆడుతున్నామే, అన్నా.
వాళ్ళమ్మ పేరు చెప్పింది.
కూర్చోబెట్టేశా.
కోచ్ బతిమాలాడు, కప్పు ఇచ్చే పొగాకు బేరగాడు తిట్టాడు,
జనం మట్టిబెడ్డలు విసిరారు.
ఒక్క పాయింటుతో పోయింది.
ఆ పిల్ల రెండు నెలలు నాతో మాట్లాడలా.

"అంటే మీరు ఆటాపేవాళ్ళా మేడం?"

ఏం చెప్పాలో తోచలేదు.
ఈలోగా బెల్లు కొట్టారు.

పెట్టెలో నీళ్ళు వేపచెట్టు మొదట్లో పారబోస్తుంటే
అంకబాబు టేపు కాలితోనే గ్రౌండులోకి దూకాడు.
వాడి వెనకాల పోలేశ్వరి, పుస్తకాల సంచీ పడేసి,
"ఆగరా, రేయ్, గోరు చూడనీ!"